వీసా కూడా ఒక వాగ్దానమే

రాయలసీమ నుండి ఒక సోదరి సుదీర్ఘమైన ఉత్తరం వ్రాశారు. ఆమె పెద్ద కుమారుడు డిగ్రీ పూర్తిచేసి రెండేళ్ళుగా ఉద్యోగం కోసం తిరుగుతున్నాడు. బంధువుల ద్వారా పరిచయమైన ఒక ఏజెంటు అతనికి చైనాలో ఉద్యోగం ఇప్పిస్తానన్నాడట. ముందుగా టూరిస్టు వీసా మీద పంపి, అక్కడికి చేరిన నెల రోజుల్లో దానిని వర్కు వీసాగా మార్పించి, నివాస అనుమతి పత్రం చేతికిస్తాడట. అందుకు మూడున్నర లక్షలు అడిగాడు. ఆ సోదరి తన గాజులను వడ్డీకి కుదువబెట్టి సగం సొమ్ము సమకూర్చే ఆలోచనలో ఉన్నారు. అయితే వీసా దరఖాస్తులో ప్రయాణ ఉద్దేశం ‘విహారయాత్ర’ అని వ్రాయాలని విన్నప్పటి నుండి ఆమె మనసుకు శాంతి లేదు. కుమారుణ్ణి అడిగితే, “అది ఉత్త కాగితం మాటే అమ్మీ! అందరూ ఇలాగే వెళ్తున్నారు. పైగా వాళ్ళు ముస్లింలు కూడా కాదు కదా!” అన్నాడట. “ఇది నిజంగా జరిగే పనేనా? జరిగినా ధర్మసమ్మతమేనా?” అని ఆమె అడిగారు.

ఇవి ఒక్క ఇంటి ప్రశ్నలు కావు. పిల్లల ఉపాధి కోసం విదేశాల వైపు చూస్తున్న ప్రతి ముస్లిం కుటుంబానికీ ఇవి అవసరమైనవే. కనుక జవాబును ఈ శీర్షికలో అందరి కోసం వ్రాస్తున్నాను. ముందుగా చట్టం ఏమంటున్నదో చూద్దాం. ఆ తరువాత ధర్మం ఏమంటున్నదో తెలుసుకుందాం.

దుబాయి అనుభవం చైనాకు వర్తించదు

మనవారిలో ఈ అపోహకు ఒక కారణం ఉంది. యు.ఎ.ఇ.లో సందర్శక వీసాపై వెళ్ళి, ఉద్యోగం దొరికిన తరువాత, నిర్ణీత రుసుము చెల్లించి దేశం విడిచి రాకుండానే ఉద్యోగ వీసాకు మారే వీలు అక్కడి ప్రభుత్వమే కల్పించింది. మన జిల్లాల నుండి అలా వెళ్ళి స్థిరపడిన వారు ఎందరో ఉన్నారు. ఆ అనుభవాన్ని చూసి, ప్రపంచమంతటా ఇదే పద్ధతి అని చాలామంది అనుకుంటున్నారు. ఏజెంట్లు సొమ్ము చేసుకుంటున్నది ఈ అపోహనే.

చైనా పద్ధతి వేరు. అక్కడ విదేశీయుల రాకపోకలను నియంత్రించే చట్టాన్ని 2012లో ఆమోదించారు. అది 2013 జులై 1 నుండి అమలులో ఉంది. ఆ దేశం ఒక్కొక్క ఉద్దేశానికి ఒక్కొక్క రకం వీసా ఇస్తుంది. విహారానికి ‘ఎల్’ వీసా, వ్యాపార లావాదేవీలకు ‘ఎం’ వీసా, దీర్ఘకాలిక చదువుకు ‘ఎక్స్-1’ వీసా, ఉద్యోగానికి ‘జెడ్’ వీసా. ఈవూ, గ్వాంగ్జౌ నగరాలకు సరుకు కొనుగోలుకు వెళ్ళే మన వ్యాపారులు ‘ఎం’ వీసాపై వెళ్తారు. అది సక్రమమే. కాని ఆ వీసాతో అక్కడి కంపెనీలో జీతానికి కుదరడం సక్రమం కాదు. విద్యార్థి వీసాపై వెళ్ళినవారు కూడా అనుమతించిన పరిధి దాటి పనిచేస్తే అది చట్టవిరుద్ధ ఉద్యోగమే అవుతుంది.

విదేశీయుడు చైనాలో ఉద్యోగం చేయాలంటే రెండు పత్రాలు ఉండి తీరాలి. మొదటిది పని అనుమతి. రెండవది ఉద్యోగ నిమిత్తమైన నివాస అనుమతి. ఈ రెండింటికీ దారి స్వదేశం నుండే మొదలవుతుంది. ముందుగా చైనాలోని యజమాని అక్కడి అధికారులకు దరఖాస్తు చేసి, ఫలానా విదేశీయునికి పని అనుమతి ఇవ్వనున్నట్లు తెలిపే నోటిఫికేషన్ పత్రాన్ని సంపాదించాలి. అందుకు అభ్యర్థి తన డిగ్రీకి అధికారిక ధ్రువీకరణ, అనుభవ పత్రం, నేరచరిత్ర లేదన్న పోలీసు ధ్రువపత్రం, వైద్య పరీక్షల నివేదిక సమర్పించాలి. ఆ నోటిఫికేషన్ చేతికి వచ్చిన తరువాతనే చైనా రాయబార కార్యాలయం ద్వారా ‘జెడ్’ వీసాకు దరఖాస్తు చేయాలి. ఆ వీసాతో చైనాలో అడుగుపెట్టిన తరువాత 30 రోజుల లోపల నివాస అనుమతికి దరఖాస్తు చేసుకోవాలి. ఉద్యోగ నివాస అనుమతి కనీసం 90 రోజులకు, గరిష్ఠంగా 5 సంవత్సరాలకు ఇస్తారు.

టూరిస్టు వీసాపై ఉన్న వ్యక్తికి అక్కడ నిజంగానే ఒక కంపెనీ ఉద్యోగం ఇస్తానంటే ఏమి చేయాలి? సాధారణ నియమం ప్రకారం అతడు చైనా విడిచి రావాలి. యజమాని పంపిన నోటిఫికేషన్‌తో ‘జెడ్’ వీసా తీసుకొని మళ్ళీ వెళ్ళాలి. దేశం లోపలే మార్చుకునే మినహాయింపులు లేకపోలేదు. అవి ముఖ్యంగా అత్యున్నత నైపుణ్యం గల ‘ఎ’ శ్రేణి నిపుణులకు, చైనా పౌరులను వివాహమాడిన వారికి, ఇప్పటికే పని అనుమతిపై ఉండి యజమానిని మార్చుకునే వారికి సంబంధించినవి. డిగ్రీ ముగించి తొలి ఉద్యోగం వెతుక్కుంటున్న యువకుడు ఆ మినహాయింపుల్లోకి రాడు.

ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 2017 ఏప్రిల్ 1 నుండి చైనా అంతటా విదేశీ ఉద్యోగులను ‘ఎ’, ‘బి’, ‘సి’ అని మూడు శ్రేణులుగా విభజిస్తున్నారు. మన యువకుల్లో ఎక్కువమంది ఆశించగలిగేది ‘బి’ శ్రేణి. దానికి సాధారణంగా డిగ్రీ, దానితో పాటు కనీసం రెండేళ్ళ ఉద్యోగానుభవం అడుగుతారు. సాధారణ శ్రమ పనులకు ‘సి’ శ్రేణి ఉంది కాని, దానికి ప్రభుత్వం పరిమిత సంఖ్యలోనే అనుమతులిస్తుంది. “చిన్నపిల్లలకు ఇంగ్లీషు చెప్పే ఉద్యోగం, ఏ అర్హతా అక్కరలేదు” అన్న మాట కూడా తరచు వినిపిస్తున్నది. ఇంగ్లీషు మాతృభాషగా గల దేశాల పౌరులకే ఆ ఉద్యోగానికి అనుమతి ఇవ్వడం అక్కడి సాధారణ నియమం. మన పిల్లవాడు ఎంత చక్కగా ఇంగ్లీషు మాట్లాడినా ఆ నియమం మారదు.

పట్టుబడితే మిగిలేది ఏమిటి?

పని అనుమతి, ఉద్యోగ నివాస అనుమతి లేకుండా పనిచేస్తూ పట్టుబడితే 5,000 నుండి 20,000 యువాన్ల జరిమానా విధిస్తారు. యువాన్‌ను 12 రూపాయలుగా లెక్కించినా అది 60 వేల నుండి 2 లక్షల 40 వేల రూపాయల వరకు అవుతుంది. తీవ్రత ఎక్కువగా ఉంటే జరిమానాతో పాటు 5 నుండి 15 రోజుల నిర్బంధం కూడా తప్పదు. అక్రమంగా పనిలో పెట్టుకున్న యజమానికి ఒక్కొక్కరికి 10,000 యువాన్ల చొప్పున జరిమానా ఉంది. విదేశీయుణ్ణి అక్రమంగా ఉద్యోగంలో చేర్పించిన మధ్యవర్తి కూడా తప్పించుకోలేడు. ముందుగా వెళ్ళి, తరువాత ఊరివారిని పిలిపించుకునే యువకులు ఈ విషయం గమనించాలి. స్నేహం కొద్దీ చేసిన సిఫారసు కూడా ఆ చట్టం దృష్టిలో నేరం కావచ్చు.

వీసా గడువు మీరి ఉండిపోతే హెచ్చరికతో మొదలై, తీవ్రమైన సందర్భాల్లో రోజుకు 500 యువాన్ల చొప్పున 10,000 వరకు జరిమానా, లేదా 5 నుండి 15 రోజుల నిర్బంధం ఉంటాయి. బలవంతంగా తిప్పి పంపబడిన వ్యక్తి 1 నుండి 5 ఏళ్ళ వరకు మళ్ళీ ఆ దేశంలో అడుగు పెట్టలేడు. అంటే దొడ్డిదారిన వెళ్ళినవాడు రేపు తన కోసం తెరుచుకోగల రాజమార్గాన్ని కూడా తన చేతులతోనే మూసుకుంటున్నాడన్నమాట.

జరిమానా కంటే బాధాకరమైన విషయం మరొకటి ఉంది. పని అనుమతి లేని విదేశీయునికి, యజమానికి మధ్య ఉద్యోగ సంబంధాన్ని చైనా న్యాయస్థానాలు గుర్తించవు. మూడు నెలల జీతం ఎగవేసినా, యంత్రంలో చేయి నలిగినా, అతడు ఉద్యోగిగా ఫిర్యాదు చేయలేడు. ఫిర్యాదు చేయడానికి వెళ్తే ముందు తానే దోషిగా నిలబడాలి. ఈ సంగతి యజమానికీ తెలుసు, ఏజెంటుకూ తెలుసు. తెలియనిది ఆ పిల్లవాడికీ, గాజులు కుదువబెట్టిన అతని తల్లికీ మాత్రమే.

టూరిస్టు వీసా ఆశ చూపించి మనుషులను ఎటు తీసుకుపోగలరో మన రాష్ట్రాలు కళ్ళారా చూశాయి. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి ఆంధ్రప్రదేశ్ యువకులను కంబోడియాకు తరలించి, అక్కడ వారిచేత ఆన్‌లైన్ మోసాలు చేయించిన ముఠాల గుట్టు 2024లో విశాఖపట్నంలో బయటపడింది. వెళ్ళినవారు నేరస్థులు కారు. మన పిల్లల వంటి పిల్లలే.

వీసాకు మన ధర్మంలో ఒక పేరుంది

ఇక రెండవ ప్రశ్న. “అది ఉత్త కాగితం మాటే” అన్న కుమారుని మాటను ధర్మం అంగీకరిస్తుందా?

దివ్యఖుర్ఆన్‌లోని అల్ మాయిదా సూరా మొట్టమొదటి ఆజ్ఞే ఒడంబడికలను నెరవేర్చమని విశ్వాసులకు ఇచ్చిన ఆజ్ఞ. బనీ ఇస్రాయీల్ సూరాలో, చేసిన వాగ్దానం గురించి ప్రళయదినాన నిలదీయబడుతుందని అల్లాహ్ హెచ్చరించాడు. ఈ ఆజ్ఞల్లో ఎక్కడా “ముస్లింలతో చేసుకున్న ఒడంబడికలు మాత్రమే” అన్న షరతు లేదు.

ఇస్లామీయ ధర్మశాస్త్రంలో ‘అమాన్’ అనే అధ్యాయం ఉంది. అమాన్ అంటే అభయం. ఒక దేశపు మనిషి మరొక దేశంలో అడుగుపెట్టడానికి ఆ దేశం ఇచ్చే రక్షణతో కూడిన అనుమతి అది. ఆ కాలంలో వ్యాపారులు, రాయబారులు, బాటసారులు అమాన్ మీదే పరదేశాలకు వెళ్ళేవారు. నేటి వీసాను నేను ఆ అమాన్‌కు నేటి రూపంగానే చూస్తాను. మదరసాలలో బోధించే ‘హిదాయా’ గ్రంథంలో, ముస్లిమేతరుల రాజ్యంలో అమాన్‌తో ప్రవేశించిన ముస్లిం వ్యాపారి అక్కడివారి ప్రాణాల జోలికిగాని, ఆస్తుల జోలికిగాని పోరాదని స్పష్టంగా ఉంది. కారణం కూడా అక్కడే ఉంది. అమాన్ కోరడం ద్వారానే అతడు వారికి మాట ఇచ్చినట్లయింది. ఆ మాట తప్పడం ద్రోహం. ద్రోహం హరామ్. మన ఫుఖహా ఈ తీర్పు చెప్పింది యుద్ధస్థితిలో ఉన్న రాజ్యం విషయంలో అన్న సంగతి గమనించాలి. శత్రురాజ్యం విషయంలోనే మాట తప్పరాదన్నప్పుడు, మన దేశంతో రాయబార సంబంధాలున్న ఒక దేశం విషయంలో ఏమనాలి?

“వాళ్ళు ముస్లింలు కాదు కదా” అన్న యువకునికి నేను హజ్రత్ హుజైఫా బిన్ యమాన్ (రజియల్లాహు అన్హు) ఉదంతం గుర్తుచేస్తాను. ఇది సహీహ్ ముస్లింలో ఉంది. బద్ర్ యుద్ధానికి ముందు ఆయన తన తండ్రితో కలసి మదీనాకు వస్తుండగా ఖురైషు అవిశ్వాసులు దారిలో పట్టుకున్నారు. “మీరు ముహమ్మద్ వద్దకే వెళ్తున్నారు” అని నిలదీశారు. తాము మదీనాకు మాత్రమే వెళ్తున్నామని వీరు చెప్పారు. యుద్ధంలో పాల్గొనబోమని అల్లాహ్ పేర వాగ్దానం తీసుకొని వారు వీరిని విడిచిపెట్టారు. ఇద్దరూ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సన్నిధికి వచ్చి జరిగింది విన్నవించారు. అప్పుడు ముస్లింలు మూడు వందల పైచిలుకు మంది. ఎదుట వేయి మంది శత్రువులు. ఒక్కొక్క మనిషీ ఎంతో విలువైన సమయం. అయినా ప్రవక్త మహనీయులు వారిద్దరినీ యుద్ధంలో చేరనివ్వలేదు. శత్రువుకిచ్చిన మాట నిలుపుకుందామని, వారికి వ్యతిరేకంగా సహాయాన్ని అల్లాహ్‌నే కోరుకుందామని సెలవిచ్చారు.

ఒక్కసారి ఆలోచించండి. ఆ వాగ్దానం బలవంతంగా తీసుకున్నది. తీసుకున్నవారు ప్రాణశత్రువులు. అయినా అది చెల్లింది. మరి మనం స్వయంగా వెళ్ళి దరఖాస్తు నింపి, “ఇందులోని వివరాలన్నీ సత్యం” అని సంతకం చేసి పొందిన అనుమతి ఉత్త కాగితం ఎలా అవుతుంది? ఆ సంతకం చేసే సమయానికే విహారం ఉద్దేశం కాదని మనసుకు తెలిస్తే, అక్కడ రెండు పాపాలు కలుస్తున్నాయి. ఒకటి అబద్ధం. రెండవది నమ్మకద్రోహం.

మూడు సాకులు

“అందరూ ఇలాగే వెళ్తున్నారు” అన్నది మొదటి సాకు. పదిమంది చేసినంత మాత్రాన పాపం పుణ్యం కాదు. పైగా వెళ్ళి నెగ్గినవారి ఫోటోలు మనకు ఫోన్‌లో కనిపిస్తాయి. నిర్బంధంలో గడిపి, అప్పుతో తిరిగి వచ్చినవారు ఫోటోలు పెట్టరు.

“బీదరికంలో అన్నీ చెల్లుతాయి” అన్నది రెండవ సాకు. అత్యవసర స్థితి నిషిద్ధాన్ని సడలిస్తుందన్న సూత్రం నిజమే. అయితే ఆ స్థితి అంటే ప్రాణం మీదికి వచ్చి, ధర్మసమ్మతమైన మార్గం ఏదీ మిగలకపోవడం. ఇక్కడ ధర్మసమ్మతమైన మార్గం ఉంది. అది కొంత ఆలస్యమవుతుంది, కొంత కష్టమవుతుంది, అంతే. ఆలస్యానికి అత్యవసరమని పేరు పెట్టరాదు.

మూడవది ధార్మికమైన ముసుగు వేసుకున్న సాకు. “విద్య కోసం చైనాకైనా వెళ్ళమని హదీసులో ఉంది కదా” అంటారు. ఆ వాక్యం ప్రజల నోళ్ళలో నానుతున్నదే గాని, దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) పలికినట్లు రుజువు కాలేదు. ఇమామ్ బైహఖీ దాని పరంపరను బలహీనమైనదన్నారు. ఇబ్నుల్ జౌజీ దానిని కల్పిత హదీసుల సంకలనంలో చేర్చారు. విద్యార్జన విధి అనడానికి ఆధారాలు వేరే పుష్కలంగా ఉన్నాయి. కాని ఆ విద్య కోసమైనా, ఉపాధి కోసమైనా ప్రయాణం అబద్ధంతో మొదలు కావాలని ఏ ఆధారమూ చెప్పదు.

నిజానికి చైనాకు ఇస్లాం చేరిన చరిత్ర ఈ సాకుకు పూర్తిగా విరుద్ధమైనది. అరబ్బు, పారశీక వర్తకులు సముద్రమార్గాన గ్వాంగ్జౌ, చువాన్జౌ రేవులకు చేరి, అక్కడి పాలకుల అనుమతితో విదేశీయులకు కేటాయించిన వాడల్లో నివసించి వ్యాపారం చేశారు. గ్వాంగ్జౌలోని హువాయిషెంగ్ మస్జిద్, చువాన్జౌలో 1009లో నిర్మితమైన చింగ్జింగ్ మస్జిద్ ఆ ముస్లింల జ్ఞాపకంగా నేటికీ నిలిచి ఉన్నాయి. చాటుమాటుగా బ్రతికేవారు మస్జిద్ మినార్ కట్టలేరు. చట్టం ముందు తలెత్తుకుని నిలిచినవారే కట్టగలరు.

ఆ సంపాదన మాటేమిటి?

ఇలా ఇప్పటికే వెళ్ళి పనిచేస్తున్నవారి కుటుంబాలు, “మా ఇంటికి వచ్చిన డబ్బంతా హరామేనా?” అని కలవరపడవచ్చు. చేసిన పని స్వతహాగా ధర్మసమ్మతమైనదైతే, చెమటోడ్చి సంపాదించిన ఆ కూలి దొంగసొమ్ము వంటిది కాదని పలువురు ఉలమా వివరించారు. కాని అబద్ధం, వాగ్దానభంగం అనే పాపాలు మెడమీద ఉండనే ఉంటాయి. వాటికి తౌబా చేయాలి. తౌబాలో తప్పును వదిలిపెట్టడం కూడా ఒక భాగమే. అటువంటివారు వీసా గడువు మీరకముందే తిరిగివచ్చి, సక్రమమైన దారిలో మళ్ళీ ప్రయత్నించాలి. యజమాని పాస్‌పోర్టు లాక్కున్నా, జీతం ఎగవేసినా, భయపడి దాక్కోకుండా బీజింగ్‌లోని భారత రాయబార కార్యాలయాన్ని గాని, షాంఘై, గ్వాంగ్జౌలలోని భారత కాన్సులేట్లను గాని ఆశ్రయించాలి. తల్లిదండ్రులు ఇటువంటి పిల్లలను నిందించి దూరం చేయకుండా, తిరిగి రావడానికి ధైర్యం చెప్పాలి.

డబ్బు చెల్లించే ముందు

సోదరీ! మీరు గాజులు తీసే ముందు ఈ విషయాలు విచారించండి.

మొదటిది, ఏజెంటు ప్రభుత్వం వద్ద నమోదైనవాడా? 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను చేర్చే ఏజెంటు భారత విదేశాంగ శాఖ వద్ద నమోదు చేసుకొని ఉండాలి. ఆ జాబితా ‘ఈ-మైగ్రేట్’ పోర్టల్‌లో ఎవరైనా చూడవచ్చు. నమోదైన ఏజెంటు కూడా సేవారుసుముగా 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మించి వసూలు చేయరాదు. మూడున్నర లక్షలు అడగడమే అతని సంగతి చెప్పకనే చెబుతున్నది.

రెండవది, “ఎయిర్‌పోర్టులో ఎవరూ ఆపలేదు కనుక అంతా సక్రమమే” అనుకోకండి. పదవ తరగతి పాసు కాని కార్మికులు ఉద్యోగానికి వెళ్ళాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి చేసిన దేశాల జాబితాలో సౌదీ, కువైట్ వంటివి ఉన్నాయి. చైనా ఆ జాబితాలో లేదు. కనుక ఇక్కడ ఎవరూ ఆపకపోవచ్చు. ఆపనంత మాత్రాన అక్కడ రక్షణ ఉన్నట్లు కాదు.

మూడవది, ఏజెంటును ఒకే ఒక పత్రం అడగండి. చైనా యజమాని మీ అబ్బాయి పేరున సంపాదించిన పని అనుమతి నోటిఫికేషన్ ఎక్కడ? అది ఉంటే ‘జెడ్’ వీసాకే దరఖాస్తు చేయవచ్చు, టూరిస్టు వీసాతో పని లేదు. అది లేకపోతే అక్కడ ఉద్యోగమే లేదు. “అక్కడికి వెళ్ళాక వస్తుంది” అన్న జవాబు వస్తే సంభాషణ అక్కడితో ముగించండి.

నాలుగవది, వడ్డీ అప్పుతో ఈ ప్రయాణం మొదలుపెట్టకండి. వడ్డీని అల్లాహ్ ఎంత కఠినంగా నిషేధించాడో మీకు తెలుసు. అబద్ధంతో పొందిన వీసా, వడ్డీతో తెచ్చిన సొమ్ము, ఈ రెంటి మీద ఏ బరకత్‌ను ఆశించగలం?

ఐదవది, అబ్బాయిని నిరాశపరచకండి. డిగ్రీ ఉంది కనుక, స్వదేశంలోనే రెండేళ్ళు అనుభవం గడించి, పత్రాలు ధ్రువీకరించుకొని, చైనాకైనా మరొక దేశానికైనా సక్రమంగా దరఖాస్తు చేసే అర్హత అతనికి వస్తుంది. విదేశీ ఉద్యోగాల కోసం తెలంగాణలో ‘టామ్‌కామ్’, ఆంధ్రప్రదేశ్‌లో ‘ఓంకాప్’ అనే ప్రభుత్వ సంస్థలు పనిచేస్తున్నాయి. ముందు అక్కడ విచారించండి.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) మక్కా విడిచిన రాత్రి, తన ప్రాణం తీయజూస్తున్నవారు దాచుకున్న సొమ్మును వారికి అప్పగించి రావడానికి హజ్రత్ అలీ (రజియల్లాహు అన్హు)ని వెనుక ఉంచి వెళ్ళారు. అంతటి ప్రయాణంలో కూడా ఎవరి నమ్మకమూ వమ్ము కాలేదు. మన పిల్లలు ఏ దేశానికి వెళ్ళినా, విమానం ఎక్కేముందు వారి పెట్టెలో పచ్చళ్ళు, దుస్తులతో పాటు ఈ ఆదర్శాన్ని కూడా సర్ది పంపవలసిన బాధ్యత తల్లిదండ్రులదే.

ఉపాధిని ఇచ్చేవాడు అల్లాహ్. ఆయన వ్రాసిన ఉపాధి సత్యం పలికినందువల్ల తగ్గదు, అబద్ధం పలికినందువల్ల పెరగదు. మన సంతానానికి హలాల్ ఉపాధిని, ఇచ్చిన మాట నిలుపుకునే ధైర్యాన్ని, పరాయి గడ్డమీద కూడా తలెత్తుకుని నడిచే గౌరవాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.